తాడు తెగిందని ఎక్కడుంది

పోయిన నెల తిరుత్తణి నుంచి ఒక యువ పాస్టరు ఫోను చేశాడు. మా పాత గుడికి ఈ మధ్యే వచ్చాడట. గుడి బీరువాలో సంఘం పుస్తకాలు ఐదారు దొరికాయని, అన్నీ తెలుగు రాతలేనని చెప్పాడు. సంఘంలో ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవలేదు గాని చదవగలిగినవాళ్లు ఒక్కరూ మిగల్లేదట. నేను వచ్చి చదివి వినిపిస్తే తమిళంలో రాసి పెట్టుకుంటామన్నాడు. అతని మాట వింటుంటే మా వీధి గుర్తొచ్చింది. మాటలు తెలుగువే, లాగుడంతా తమిళం. సరేనని మోకాళ్లను బుజ్జగించుకుని రైలెక్కాను. మొదటి రెండు పుస్తకాలూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, గుడికి సున్నం వేయించిన సంగతులు. మూడోది తెరవగానే మా నాయన చేతిరాత కనబడింది. ఒక పుట దగ్గర ఆగిపోయాను. అందులో ఇద్దరు చెప్పిన రెండు వాంగ్మూలాలున్నాయి. వాటి కింద నాలుగు వరుసలు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. పాస్టరు కలం పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. మంచినీళ్లు అడిగి తాగి, ఇది మెల్లగా చదువుదాం బాబూ, ఇందులో మా ఇంటి సంగతి ఉంది అన్నాను.

మా నాయన దస్తావేజులు రాసేవాడు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెనక వీధిలో మా ఇల్లు. వాకిట్లో ఒక వాలు బల్ల, దాని పక్కన ఇనప పెట్టె, ఎదురుగా వచ్చేపోయేవాళ్లకు రెండు బెంచీలు. ఇప్పటికీ ఎక్కడైనా బంక వాసన, పాత కాగితాల వాసన కలిసి వస్తే నాకు ఆ వాకిలే గుర్తొస్తుంది. మా వైపు పాత దస్తావేజులన్నీ తెలుగులో ఉండేవి, కొత్తవి తమిళంలో రాయాలి. రెండు లిపులూ చక్కగా చదివి రాయగలిగినవాళ్లు ఆఫీసు చుట్టుపక్కల నలుగురు ఉంటే ఎక్కువ. అందుకే పొదటూరుపేట నుంచి కూడా రైతులు పాత కాగితాలు గుడ్డసంచిలో చుట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్లు. నాయన మొదట వాటిని వాసన చూసేవాడు. చెదలు పట్టిందో లేదో వాసనే చెబుతుందనేవాడు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని చెక్కుబంది చదివేవాడు. అంటే పొలానికి నాలుగు దిక్కులా ఏమేమున్నాయో చెప్పే మాటలు. ఆయన గొప్పతనమంతా అక్కడ బయటపడేది.

ఒకే పొలానికి తాత నాటి కాగితంలో తూర్పున పుట్ట అని ఉంటుంది, తండ్రి నాటి కాగితంలో తూర్పున కాలవ అని ఉంటుంది. వేరేవాళ్లయితే అక్కడే చేతులెత్తేసేవాళ్లు. మా నాయన ఒక వక్కపలుకు నోట్లో వేసుకుని కాసేపు పైకప్పు చూసి, తూర్పున పుట్టను ఆనుకొని పారు కాలవ అని రాసేవాడు. అంతే, రెండు కాగితాలూ నిలిచేవి. అమ్మేవాడు సంతోషం, కొనేవాడు సంతోషం. ఆ పుట్ట నిజంగా ఆ కాలవను ఆనుకుని ఉందో లేదో చూడటానికి ఎవరూ పొలానికి పోయింది లేదు. రాసింది సరిచూసే పని నాది. ఆరో తరగతి నుంచీ నేనే చేసేదాన్ని. అసలు కాగితం నేను బయటికి చదువుతుంటే ఆయన నకలు మీద వేలు జరుపుతూ ఊఁ కొట్టేవాడు. ఊఁ రాకపోతే ఏదో తప్పుందని అర్థం. ఒక్క తప్పూ దొరక్కుండా పూర్తయితే నాకు వేరుశనగ ఉండ. నేను చదువుకున్న చదువులో సగం ఆ బల్ల దగ్గరే అబ్బింది.

శ్రమల కాలంలో, అంటే ఈస్టరుకు ముందు ఆరు వారాలు, బుధవారం బుధవారం సాయంత్రం మా గుడిలో శ్రమల కథ చదివే ఆచారం ఉండేది. ప్రభువును పట్టించడం మొదలు సమాధి చేసేదాకా నాలుగు సువార్తల్లోనూ ఉన్నదాన్ని ఒకే కథగా కలిపి, వారానికి ఇంతని చదివేవాళ్లు. ఎప్పుడో ఎవరో ఉపదేశి రాసిన పాత నోటుపుస్తకం ఒకటి ఉండేది. దాన్ని చెదలు తినేసింది. కొత్తది నేను రాస్తానని నాయన ఒప్పుకున్నాడు. నాకప్పుడు పదిహేనేళ్లు. వేదపుస్తకాలు నాలుగు తెచ్చి, ఒక్కొక్కటి ఒక్కో సువార్త దగ్గర తెరిచి బల్ల మీద పరిచి, నాలుగు పాత దస్తావేజుల ముందు కూర్చున్నట్టే కూర్చున్నాడు. రెండు నెలలు ఆ పనే. మా అమ్మ అన్నానికి పిలిస్తే, ఉండవే, కోడి ఎన్నిసార్లు కూసిందో తేలడం లేదు అనేవాడు.

నిజంగానే తేలేది కాదు. ప్రభువును నేనెరుగనని ఒక శిష్యుడు కోడి కూసేలోగా మూడుసార్లు అన్నది అన్నిట్లోనూ ఉంది. ఒక సువార్తలో మాత్రం కోడి రెండుసార్లు కూస్తుంది, మిగిలినవాటిలో ఒకసారే. సిలువ మీద కొట్టిన పలక మీది మాటలు నాలుగు చోట్ల నాలుగు రకాలు. పక్క సిలువల మీది దొంగలిద్దరూ ప్రభువును తిట్టారని రెండు చోట్ల ఉంటే, ఒకడు తిట్టాడు ఇంకొకడు వేడుకున్నాడు అని మరో చోట ఉంది. నాయన దేనికీ వెరవలేదు. పలక మీది మాటలన్నీ కలిపి ఒక పొడుగాటి పలక చేశాడు. దొంగలు మొదట ఇద్దరూ తిట్టారు, పిమ్మట ఒకడు మనసు మార్చుకున్నాడు అని రాశాడు. రాసి ఎంత మురిసిపోయాడో నాకు తెలుసు. దేవుని మాటలో అతుకు కనబడకూడదని ఆయన పట్టుదల. మా అమ్మ మాత్రం ఈ పనిని అంత గొప్పగా తీసుకునేది కాదు. వేదంలో ఉన్న ఉత్తరాలను మేం పత్రికలంటాం. నమ్మితే చాలునని ఒక పత్రికలోనూ, చేయకుండా నమ్మితే లాభం లేదని ఇంకో పత్రికలోనూ ఉంది గదా అని నాయన ఒకసారి మొదలుపెడితే, నీవు చెప్పేది ఒక పత్రిక, చేసేది ఇంకో పత్రిక, ముందు ఆ రెండూ కలిపి రాయి అని గిన్నె సర్దుకుని పోయింది.

సరిచూసే రోజు వచ్చింది. నేను సువార్తలు చదువుతున్నాను, నాయన తన నకలు మీద వేలు జరుపుతున్నాడు. ప్రభువును పట్టించిన శిష్యుడి చావు దగ్గరికి వచ్చాం. మొదటి సువార్తలో అతను ఉరి పోసుకున్నాడని ఉంది. సువార్తల తర్వాత వచ్చే పుస్తకంలో మాత్రం తలకిందులుగా పడి చచ్చాడని ఉంది. నాయన నకలులో అతను ఉరి వేసుకోగా తాడు తెగి తలకిందులుగా పడ్డాడు. నేను రెండు చోట్లా మళ్లీ చదివాను. తాడు తెగిందని ఎక్కడుంది నాయనా అని అడిగాను. వేలు ఎత్తకుండానే, రెండూ నిజం కావాల్నంటే తెగాల్సిందే గదమ్మా అన్నాడు. ఆయన గొంతులో అనుమానం లేదు. నాకూ ఆ మాట గొప్పగానే తోచింది. ఆ రోజు వేరుశనగ ఉండలు రెండు దొరికాయి.

మా అయ్యగారు, అంటే అప్పటి పాస్టరు, పుత్తూరు వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా, తెల్లటి అంగీ మీద ముక్కుపొడి మరకలతో ఉండేవారు. మాకు గుడిలో సభ్యత్వం ఇచ్చే ముందు ఆదివారం మధ్యాహ్నాలు పాఠం చెప్పేవారు. నాయన రాసింది ఆయన రెండు వారాలు దగ్గర పెట్టుకుని చదివి, రాత బలే ఉంది, బుధవారాలు చదువుకుందాం, కాని బలిపీఠం మీద మాత్రం పెట్టొద్దు అన్నారు. నాయనకు కొంచెం చిన్నతనమైంది. తర్వాతి ఆదివారం అయ్యగారు పాఠంలో ఒక సంగతి చెప్పారు. ఆది సంఘాల కాలంలోనే ఒకాయన నాలుగు సువార్తలనూ కలిపి ఒకటిగా రాశాడట. కొన్ని దేశాల్లో తరాల తరబడి దాన్నే గుళ్లల్లో చదివారట. చివరికి పెద్దలు దాన్ని పక్కన పెట్టి, ఒకదానితో ఒకటి పొసగని చోట్లు ఉన్నా సరే, నాలుగింటినీ నాలుగుగానే ఉంచుకున్నారట. ఎందుకుంచుకున్నారని నేను అడిగితే, సాక్షిని పిలిపించినాక సాక్షి నోటికి మనం మాట అందించకూడదు గదా అన్నారు. కొన్ని పత్రికలు వేదంలో ఉండాలా వద్దా అని కూడా ఆ పెద్దలు చాలాకాలం తగువులాడుకున్నారని చెప్పారు. వేదపుస్తకం పైనుంచి కుట్టిన అట్టతో సహా దిగిందనుకునే వయసు నాది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

ఇక మా అత్త సంగతి. రత్నమ్మత్త నాయనకు ఒక్కతే చెల్లెలు. మామ తిరువళ్లూరులో ఒక బడిలో పంతులు. బడి వెనక సందులో అద్దె ఇల్లు. పిల్లల్లేరు. శనివారం మధ్యాహ్నం బండికి ఇద్దరూ తిరుత్తణి వచ్చి, ఆదివారం గుడి చూసుకుని పోయేవాళ్లు. ఎందుకంటే మా గుడిలో పాట ఎత్తేది మామే. ఆయన గొంతు ఎత్తితే కొండ మీది కోవెలకు కావళ్లు మోసుకుపోయే జనం కూడా మా గోడ దగ్గర ఒక నిమిషం నిలబడేవాళ్లు. ఆ ముందటేడు ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోతూ పోతూ చెవులు తీసుకుపోయింది. పూర్తిగా కాదు, పక్కన నిలబడి అరిస్తే వినబడేది. ఒక ఆదివారం ఆయన ఎత్తిన పాట ఒక స్థాయిలో, సంఘం పాడేది ఇంకో స్థాయిలో పోయాయి. చరణం మధ్యలో మామ మా మొహాలు చూసి సంగతి గ్రహించి కూర్చున్నాడు. తర్వాత మళ్లీ పాట ఎత్తలేదు. గంట కొట్టినా పక్కవాళ్లు లేస్తే చూసి లేచేవాడు. మాటలు కూడా తగ్గాయి. నాతో మాత్రం కాగితం మీద రాసి తమాషాలు చేసేవాడు. అందుకని ఆయనకు అంత బాధ ఉందని నాకు తెలియలేదు, లేదా తెలుసుకోవాలనుకోలేదు.

స్టేషను నుంచి మా వీధికి రైలు పట్టా పక్కనే దగ్గరి దారి. ఊరంతా ఆ దారినే నడిచేది. ఆ ఏడు శ్రమల కాలంలోనే ఒక శనివారం, అత్తకు ఒళ్లు బాగాలేక మామ ఒక్కడే వచ్చాడు. రైలు గేటు దాటాక, తను దిగిన బండి వెనకే వచ్చిన ఇంకో బండి తగిలి అక్కడికక్కడే పోయాడు. పోలీసులు రైలు తగిలి మరణమని కాగితం రాసి, ఆదివారం మధ్యాహ్నానికి శవాన్ని ఇచ్చారు. అత్తను ఉదయం బండికే పిలిపించారు. ఆమె ఏడవలేదు. మామ తువ్వాలను నాలుగు మడతలు పెట్టి ఒళ్లో ఉంచుకుని కూర్చుంది.

పోలీసులతో అయిపోయినా సంఘంతో అయిపోలేదు. మా సమాధుల తోటకు చుట్టూ రాతిగోడ. ప్రాణం తీసుకున్నవాళ్లను ఆ గోడ లోపల పెట్టరు. గంట కొట్టరు, పాట పాడరు. గోడ బయట ముళ్లకంప పక్కన రెండు గుంతలు అట్లాంటివి ఉండేవి, మేం పిల్లలం అటు చూడకుండా నడిచేవాళ్లం. ఊళ్లో అప్పటికే రెండు మాటలు పుట్టాయి. అందుకని భూస్థాపనకు ముందు సంఘ పెద్దలు కూర్చుని విచారించి, సంఘ పుస్తకంలో నిర్ణయం రాయాలన్నారు. అత్తకు కావలసింది ఒక్కటే. మామను ఆయన నాయన పక్కన పెట్టాలి, రేపు తను పోతే తనకూ ఆ వరసలోనే చోటు ఉండాలి. బతికినన్నాళ్లూ ముళ్లకంప దగ్గరికి పోయి పూలు పెట్టి రావడం ఆమె వల్ల కాదు.

గుడి పక్క గదిలో అయ్యగారు, నలుగురు పెద్దలు, పుస్తకం రాసేందుకు నాయన కూర్చున్నారు. నకలు ఒకటి సంఘాల పైఆఫీసుకు పంపాలి కాబట్టి సరిచూడటానికి నన్నూ పిలిచారు. మొదట గేటు కాపలాదారు వచ్చాడు, తమిళం మనిషి. ఆయన పట్టాల మధ్య బండికి ఎదురుగా నిలబడ్డాడు, నేను జెండా ఊపి కేకలు వేశాను, నా వైపు చూశాడు, అయినా కదల్లేదు అని చెప్పాడు. తర్వాత గేటు అవతలి వైపు పూలు కట్టి అమ్మే ఆమె వచ్చింది. పట్టా దాటేశాడు, భుజం మీది తువ్వాల జారి వెనక పడింది, దానికోసం తిరిగిపోయి వంగాడు, బండి వైపు ఆయన వీపే ఉంది అని చెప్పింది. ఇద్దరూ వేదపుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్పినవాళ్లే. ఇద్దరికీ మామతో వైరమూ లేదు, చుట్టరికమూ లేదు. మామ చెవుల సంగతి తీసుకుందామన్నా అవీ రెండు వైపులా సాక్ష్యం చెప్పాయి. వినబడలేదు కాబట్టి తప్పుకోలేదని అనుకోవచ్చు. వినబడక కుంగిపోయాడు కాబట్టి తప్పుకోలేదనీ అనుకోవచ్చు.

పెద్దల్లో పెద్దాయన ఒక రిటైరైన హెడ్మాస్టరు. చెడ్డవాడు కాదు, మామంటే ఇష్టం కూడా. చాలాసేపు తలపట్టుకుని కూర్చుని, ఆయనే దారి చూపించాడు. మొదట చావాలనే నిలబడ్డాడు, తర్వాత మనసు మార్చుకుని వెనక్కి తిరిగాడు, ఆ తిరగడంలో తువ్వాల పడింది, వంగాడు, అంతలో బండి తగిలింది. అట్లయితే సాక్షులిద్దరి మాటా నిలుస్తుంది, పశ్చాత్తాపపడ్డాడు గనుక గోడ లోపల ఒక మూల చోటివ్వచ్చు, గంట మాత్రం వద్దు. గదిలో అందరికీ ఊపిరి వచ్చింది. నాయన కలం అప్పటికే కదులుతోంది. ఆదియందు చావు కోరి నిలిచినను, పిమ్మట మనసు మార్చుకొని వెనుదిరుగుచుండగా అని, దస్తావేజు భాషలో నాలుగు వరుసలు రాశాడు. అది ఆయనకు చేతనైన విద్య. చెల్లెలి కోసం ఆ విద్యను అంతకంటే ప్రేమగా ఎప్పుడూ వాడి ఉండడు.

సరిచూడమని పుస్తకం నా చేతికిచ్చాడు. నేను చదివాను. రెండు వాంగ్మూలాలు చదివి, ఆ నాలుగు వరుసలు కూడా ఎక్కడా ఆగకుండా చదివాను. నాయన ఊఁ కొడుతూ పోయాడు. ఇన్నేళ్లూ నన్ను నేను క్షమించుకోనిది ఇక్కడే. ప్రభువును అమ్ముకున్న మనిషి కోసం, తాడు తెగిందని ఎక్కడుంది అని అడిగినదాన్ని. నాతో తమాషాలాడిన మామ కోసం ఆ ప్రశ్న నా నోటికి రాలేదు. గోడ లోపల చోటు దొరికింది గదా అని నేనూ తృప్తిపడ్డాను.

అత్త వాకిట్లో నిలబడి వింటోందని ఎవరూ గమనించలేదు. పెద్దల గదిలోకి ఆడవాళ్లు పిలవకుండా వచ్చే అలవాటు లేదు. నేను చదవడం ఆపగానే లోపలికి వచ్చింది.

“ఆ మాట యాడుంది అన్నా? గేటాయన జెప్పినాడా, పూలామె జెప్పిందా?”

నాయన కళ్లజోడు తీశాడు. “ఇద్దురూ జెప్పలేదు రత్నా. ఇద్దురి మాటా నిలవాల్నంటే అట్ల రాయాల్సి వచ్చింది.”

“వాళ్ల మాట నిలబెట్టేదానికి ఆయన్ని వొకతూరి సావాలనుకునేటట్టు జేస్తివి, ఇంకోతూరి వొద్దనుకునేటట్టు జేస్తివి. ఆయన మనసులో యేముండిందో ఇరవై యేండ్లు కాపరం జేసిన నాకే తెలీదు. గేటాయన జూసింది రాయి. పూలామె జూసింది రాయి. నడమ నీది పెట్టొద్దు.”

హెడ్మాస్టరు ఆమెను కూర్చోమని, నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. అది కొట్టేస్తే ఉన్న మూల కూడా పోతుందన్నాడు. నిర్ణయం లేకుండా రెండు మాటల మీద ఒక గుంత ఎట్లా తవ్వమంటావమ్మా అన్నాడు. ఆయన అన్నదీ నిజమే, అత్త పోగొట్టుకోబోతున్నది చిన్నదేం కాదు. ఆమె కూర్చోలేదు.

“మాటలు రెండైనా మనిషి వొకడే గదయ్యా” అంది.

అయ్యగారు ముక్కుపొడి డబ్బీ తెరిచి, పొడి తీసుకోకుండానే మూశారు. తర్వాత నాయన వైపు చూసి, ఆ నాలుగు వరుసలూ కొట్టెయ్యమన్నారు. నాయన గీత పెట్టి కొట్టేశాడు. దస్తావేజుల్లో చేసినట్టే కింద కొట్టివేత ఎన్నో వరుస నుంచి ఎన్నో వరుస దాకానో రాసి సంతకం చేశాడు. అప్పుడు అయ్యగారు చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“నాలుగు సువార్తల్లో ఒకటి తీసెయ్యమంటే నేను తీసెయ్యలేను. ఏది ఎక్కువ నిజమో తేల్చమన్నా తేల్చలేను. అయినా నలభై ఏండ్లుగా వాటినే పట్టుకోని బతుకుతా ఉండాను. ఈ ఇద్దరి మాటా అట్లే వుండనీ. మనకు తెలీనిదానికి మనిషిని బయట పెట్టకూడదు. వాళ్ల నాయన పక్కన పెడదాం.”

పెద్దలు ఇద్దరు ఒప్పుకున్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. అయ్యగారి మాటతో చోటు దొరికింది, గంట మాత్రం దొరకలేదు. పొద్దు గూకకముందే మామను తీసుకుపోయాం. గంట లేకుండా సమాధుల తోటకు నడవడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. చెప్పుల చప్పుడు మొత్తం వినబడుతుంది. మా అమ్మ దారిపొడుగునా ఆ గంట గురించే కుమిలిపోయింది. ఆయనకు యెట్లాగూ వినబడదులే వదినా, వుండనీ అని అత్తే ఆమెను ఓదార్చింది.

ఆ బుధవారం గుడిలో చదవాల్సింది, పట్టించిన శిష్యుడి చావు. చదివేది నాయనే. అక్కడికి వచ్చేసరికి ఆగిపోయాడు. తను రాసిన పుస్తకం మూసి, వేదపుస్తకం తీసి ముందు సువార్తలోది చదివాడు, పుటలు తిప్పుకుని రెండోది చదివాడు. మధ్యలో తాడు లేదు. సంఘంలో చాలామందికి అందులో తేడా ఏమీ తెలియలేదు. మరుసటేడు నుంచి ఆ కలిపిన పుస్తకం ఆయన బయటికి తియ్యలేదు. ఒక్కో ఏడు ఒక్కో సువార్తలోదే చదివేవాడు. మొదటిసారి అట్లా ఒకటే వినబడినప్పుడు నాకు భయం వేసింది. ఆ సువార్తలో ప్రభువు సిలువ మీద నుంచి తల్లిని ఎవరికీ అప్పగించడు, దొంగతో ఏమీ అనడు. ఎందుకు చెయ్యి విడిచావని దేవుణ్ణి అడిగి, ఒక్క కేక వేసి పోతాడు. నలుగురినీ కలిపి విన్నప్పుడు ఆ కేక తర్వాత ఊరడింపు మాటలు వెంటనే వచ్చేవి. ఇప్పుడు ఆ కేక దగ్గరే కూర్చోవలసి వచ్చింది. అత్త రెండో వరసలో తల ఎత్తి వింటోంది. నాయన దస్తావేజులు మాత్రం ఎప్పట్లాగే రాశాడు. కాని పుట్టా కాలవా వచ్చినప్పుడు, పోయి చూసి రండయ్యా అని రైతులను తిప్పి పంపడం మొదలుపెట్టాడు. గిరాకీ కొంత తగ్గింది, అమ్మ నాలుగు మాటలంది.

ఇప్పుడు నా ఫోనుకు వారానికి ఒకటైనా వస్తుంది, వేదపుస్తకంలో పొసగని చోట్ల జాబితా. నమ్మనివాళ్లు పంపేదానిలో, చూశారా అంతా అబద్ధం అని ఉంటుంది. నమ్మేవాళ్లు పంపేదానిలో ప్రతి చోటా ఒక తాడు తెగి ఉంటుంది. పంపేవాళ్లిద్దరూ మావాళ్లే, చదువుకున్న పిల్లలే. ఇద్దరికీ తొందర ఎక్కువ. ఒకరికి కొట్టెయ్యాలని, ఒకరికి అతకాలని. వాళ్లను ఏమని ఏం లాభం, నేనూ కథలు రాసి బతికినదాన్నే. రెండు సంగతులు పొసగకపోతే నడిమికి ఒక వాక్యం తెచ్చిపెట్టి ఎన్ని తాళ్లు తెంపానో నాకే లెక్క తెలియదు. వేదమంటే నాకు ఇప్పుడు ఉన్న గౌరవం పదిహేనేళ్లప్పుడు లేదు. అప్పుడు ఉన్నది బెదురు. అతుకు కనబడితే ఎక్కడ చిరిగిపోతుందోనని బెదురు. తమలో తమకు పొసగని సాక్షులను పక్కపక్కన కూర్చోబెట్టి, ఎవరి నోరూ నొక్కకుండా ఇన్ని వందల ఏళ్లు మోసుకొచ్చినవాళ్ల ధైర్యం నాకు తర్వాత తర్వాత అర్థమైంది. అది చెప్పింది అయ్యగారే అయినా, నాకు అర్థమయ్యేటట్టు చేసింది ఆ మధ్యాహ్నం అత్త.

అత్త ఆ తర్వాత చాలాకాలం బతికింది. మామ పనిచేసిన బడిలోనే పిల్లలకు కుట్టుపని నేర్పేది. తిరువళ్లూరులో అదే సందులో, అదే అద్దె ఇంట్లో ఉండేది. పెళ్లయ్యాక ఒకసారి ఆమెను చూడటానికి పోయాను. వాకిట్లో చాప మీద కూర్చుని ఇద్దరం అనపకాయలు ఒలుస్తున్నాం. నాకు అప్పటికి ధైర్యం వచ్చింది. ఆ రోజు పుస్తకంలో ఆగకుండా చదివినందుకు తప్పైపోయింది అత్తా అన్నాను. నీవు పిల్లవు, నీకేం దెలుసు అని కొట్టిపారేసింది. సరే, నీవు ఇద్దరిలో ఎవరి మాట నమ్ముతావని అడిగాను. అత్త చేతిలో ఉన్న కాయ ఒలిచి, గింజలు చేటలో వేసి, నా వైపు తిరిగింది.

“కోపమొచ్చిన దినం గేటాయన మాట నమ్ముతాను. నన్నిట్ల వొదిలేసి పొయ్యినాడే అని కడుపారా తిట్టుకుంటాను. కోపం తీరినంక పూలామె మాట నమ్ముతాను. అయ్యో, తువ్వాల కోసరం వొంగినాడే అని యేడ్సుకుంటాను. నాకు రెండూ కావాలమ్మే. మీ నాయన ఆ పొద్దు కలిపి రాసిందే వుండుంటే, నాకు తిట్టేదానికీ లేదు, యేడ్సేదానికీ లేదు.”